ఖాకీ బండికి వయసు మీద పడింది.. నంబర్ ప్లేటే చెబుతోంది! అసలు లెక్క తేలేది 2029లో

హైదరాబాద్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కన పోలీసు బండి కనిపిస్తే ఒక్కసారి దాని నంబర్ ప్లేటు చూడండి. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాత రిజిస్టర్ అయిన బండి. టీఎస్ అని ఉంటే 2014 జూన్‌కీ 2024 మార్చికీ మధ్య వచ్చింది. ఇంకా ఏపీ అనే ఉంటే.. ఆంధ్రా నుంచి పని మీద వచ్చిన బండి కాకపోతే, అది రాష్ట్రం విడిపోకముందు కొన్నదే. అంటే పదకొండేళ్లు దాటేసినట్టే. నంబర్లో పీ అనే అక్షరం కూడా కనిపిస్తుంది. ఆర్టీసీ బస్సుకు జడ్ ఎలాగో పోలీసు శాఖ బండికి పీ అలాగ. ఆంధ్రప్రదేశ్‌లో ఈ లెక్క ఇంత తేలిక కాదు, అక్కడ కొత్తదైనా పాతదైనా ఏపీనే.

ఈ లెక్కతో మనకేం పని అంటారా? డయల్ 100కో, 112కో ఫోన్ కొడితే ఇంటి దాకా రావాల్సింది ఆ బండే. కంట్రోల్ రూంలో కంప్యూటర్ ఎంత కొత్తదైనా, జీపీఎస్ దగ్గర్లోని బండిని ఎంత పక్కాగా చూపించినా, చివరికి తాళం తిప్పితే ఇంజిన్ అందుకోవాలి. అందుకోకపోతే పక్క స్టేషన్ బండి రావాలి. ఈలోపు నిమిషాలు పోతాయి. తెలుగు సినిమాల్లో కథంతా అయిపోయాక జీపు దిగే పోలీసుల మీద జోకులు బోలెడున్నాయి. తప్పంతా ఎస్సై మీదే వేస్తారు. ఆ జీపు ఏ సంవత్సరం మోడలో అడిగినవాళ్లు లేరు.

15 ఏళ్ల రూల్.. ఎవరికి వర్తిస్తుంది?

కేంద్ర రవాణా శాఖ 2023 జనవరిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు నిండితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండదు. కేంద్రం, రాష్ట్రాలు, మున్సిపాలిటీలు, పంచాయతీలు, ప్రభుత్వ రంగ సంస్థలు.. అన్నిటికీ ఇదే రూల్. అప్పట్లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ దేశం మొత్తం మీద 9 లక్షలకు పైగా ప్రభుత్వ వాహనాలు పక్కకు వెళ్లిపోతాయని చెప్పారు.

మరి పోలీసులకు మినహాయింపు లేదా అంటే.. ఉంది, కానీ సన్నగా ఉంది. దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత పనుల్లో వాడే సాయుధ వాహనాలు, ప్రత్యేక వాహనాలకు ఈ రూల్ వర్తించదని నోటిఫికేషన్‌లోనే రాశారు. బుల్లెట్‌ప్రూఫ్ బండికో, అల్లర్లను అదుపు చేసే వజ్ర లాంటి వాహనానికో అది సరిపోతుంది. మండల స్టేషన్ ముందు నిలబడి ఉండే బొలెరోను, రాత్రి గస్తీకి తిరిగే కారును ప్రత్యేక వాహనం అని చెప్పుకోవడం కష్టం. కాబట్టి మామూలు పోలీసు బండికి కూడా 15 ఏళ్లే ఆఖరు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు పాత జీపుల్ని కండెమ్ చేసి జిల్లా ఏఆర్ హెడ్‌క్వార్టర్స్ గ్రౌండ్‌లో వేలం వేసేవారు. ఊళ్ల నుంచి మెకానిక్‌లు, స్క్రాప్ వ్యాపారులు, పాత డీజిల్ ఇంజిన్ కోసం రైతులు కూడా వచ్చేవాళ్లు. పాడుకున్న బండి రంగు మార్చుకుని మళ్లీ రోడ్డెక్కేది. ఇప్పుడు 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ బండి గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే వెళ్లాలి. అక్కడ దాన్ని విడగొట్టేస్తారు. పర్యావరణానికి మంచిదే. శాఖ చేతికి వచ్చేది మాత్రం ఇనుము ధర. ఆ డబ్బుతో కొత్త బండి టైర్లు కూడా రావడం గొప్పే.

క్యాలెండర్ ఒకటి చెబుతుంది.. మీటర్ ఇంకోటి చెబుతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. రూల్ చూసేది క్యాలెండర్‌ని. బండి అరిగేది మాత్రం రోడ్డు మీద.

పెట్రోలింగ్ కారు రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుందాం. షిఫ్టుకు ఒక డ్రైవర్ మారతాడు గానీ బండి మారదు. ఏడాదికి 36,500 కిలోమీటర్లు. మూడేళ్లు తిరిగేసరికి లక్ష దాటేస్తుంది. 15 ఏళ్లకు ఐదున్నర లక్షలు కావాలి. ట్యాక్సీ యజమాని అయినా అంతవరకు ఉంచుకోడు, ఉంచుకున్నా మధ్యలో ఇంజిన్ విప్పి బోరు చేయించక తప్పదు. అదే జిల్లా కేంద్రంలో ఏఆర్ మైదానం పక్కన నిలబెట్టి, బందోబస్తు ఉన్నప్పుడే బయటికి తీసే బస్సును చూడండి. 15 ఏళ్లు నిండేనాటికి దాని ఇంజిన్‌లో ఇంకా ప్రాణం మిగిలే ఉంటుంది. రూల్ ప్రకారం రెండూ ఒకే రోజు వెళ్లిపోవాలి. ఒకటి ఎప్పుడో పోవాల్సింది, ఇంకోటి ఇంకొన్నాళ్లు ఉండాల్సింది.

పైగా పోలీసు బండి మీటర్ కూడా పూర్తి నిజం చెప్పదు. రాత్రి పూట చౌరస్తాలో బండి ఆగి ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఆగదు. పైన ఎరుపు నీలం లైట్లు, లోపల వైర్‌లెస్ సెట్, ట్యాబ్ చార్జింగ్, ఎండాకాలమైతే ఏసీ. ఇవన్నీ బ్యాటరీ మీద పడితే అది తెల్లారేసరికి డౌన్. అందుకే ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతారు. అమెరికాలో పోలీసు కార్లు తయారు చేసే ఫోర్డ్ కంపెనీ దీనికి ఒక లెక్క చెప్పింది. ఒక గంట ఇంజిన్ అలా ఊరికే నడిస్తే దాదాపు 33 మైళ్లు, అంటే 50 కిలోమీటర్లకు పైగా తిరిగినంత అరుగుదల. రాత్రికి ఆరు గంటలు నిలబెట్టి ఉంచితే 300 కిలోమీటర్లు తిరిగినట్టే. మీటర్‌లో మాత్రం సున్నా.

కొత్త డీజిల్ బండ్లు వస్తే ఈ బాధ తీరిపోతుందా అంటే అదీ పూర్తిగా లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ వాహనాల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు వేగంగా నడవాలి. గల్లీల్లో పది కిలోమీటర్ల స్పీడుతో తిరుగుతూ, గంటల కొద్దీ ఆగి ఉంటే ఫిల్టర్ మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి షోరూంకి వెళ్తుంది. పాత జీపును స్టేషన్ ఎదురుగా ఉన్న మెకానిక్ స్పానర్‌తో సరిచేసేవాడు. దీనికి అతని దగ్గర మందు లేదు.

కొనడం ఒక రోజు పండగ.. తర్వాత?

పోలీసు బండ్లు ఎలా కొంటారో గమనిస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. ఒక ప్రభుత్వం వస్తుంది, లేదా ఒక పెద్ద ఘటన జరుగుతుంది. ఒక్కసారిగా వందల బండ్లు వస్తాయి. ముఖ్యమంత్రి జెండా ఊపుతారు, వరుసగా సైరన్లు మోగుతాయి, డ్రోన్ షాట్లు టీవీల్లో తిరుగుతాయి. మళ్లీ ఏళ్ల తరబడి నిశ్శబ్దం.

2014 ఆగస్టులో తెలంగాణ కొత్త ప్రభుత్వం హైదరాబాద్ పోలీసులకు తెల్ల ఇన్నోవాలు ఇవ్వడం చాలామందికి గుర్తుంది. అప్పటి సీఎం కేసీఆర్ జెండా ఊపారు. నిజానికి నగరం పోలీసింగ్ ముఖమే మారిపోయింది. ఏసీ కారులో పోలీసులు గస్తీ తిరగడం జనానికి కొత్త. స్టేషన్ ఖర్చులకు నెలనెలా డబ్బులిస్తామని కూడా అప్పుడే ప్రకటించారు. సీఐ ఊళ్లో ఎవరినీ చేయి చాచకూడదన్నది దాని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చిలో అప్పటి సీఎం జగన్ 163 దిశ పెట్రోలింగ్ వాహనాలకు జెండా ఊపారు. ఆ ఏడాదే ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31, తర్వాత 33 అయ్యాయి.

జిల్లాలు పెరిగితే బండ్లకేంటి సంబంధం అనిపించవచ్చు. చాలా ఉంది. కొత్త జిల్లా అంటే కొత్త ఎస్పీ ఆఫీసు, కొత్త సాయుధ విభాగం, మంత్రి వస్తే కొత్తగా ఎస్కార్ట్, పైలట్. నక్షలో గీత గీసినంత వేగంగా బండ్లు పుట్టవు. పాత జిల్లాలో ఉన్నవే పంచుకోవాలి. ఒక ఇంట్లో వండిన అన్నం రెండిళ్లకు సర్దినట్టు.

డబ్బు దగ్గర ఇంకో మెలిక ఉంది. బండి కొనడం ఒక పద్దు, దాన్ని నడపడం ఇంకో పద్దు. కొనే పద్దు కోసం ఆర్థిక శాఖ చుట్టూ తిరగాలి, ఫొటో వస్తుంది గనక ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది. డీజిల్, టైర్లు, క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ.. ఇవి రోజువారీ పద్దులో పోతాయి. దానికి ఫొటో రాదు. ఖజానా ఇబ్బందిలో ఉంటే మొదట ఆగేవి ఈ చిన్న బిల్లులే. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే గ్యారేజీ వాడు ఏడో నెల బండిని ముట్టుకోడు. బండి పాతబడే కొద్దీ ఈ రెండో పద్దే పెరుగుతుంది. కొత్తవి కొనకుండా మిగుల్చుకున్నామనుకున్న డబ్బు విడతల వారీగా గ్యారేజీకి వెళ్తుంది. ఎవరి లెక్కలోనూ అది పెద్దగా కనిపించదు, అదే దాని ప్రమాదం.

కేంద్రం ఏమీ ఇవ్వదా అంటే.. రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణ పథకం 1969-70 నుంచే ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం పోలీసు ఆధునికీకరణ మొత్తానికి 2025-26 వరకు రూ.26,275 కోట్లు ఆమోదించింది. అందులో రాష్ట్రాల పోలీసు బలగాల ఆధునికీకరణ వాటా రూ.4,846 కోట్లు. దేశంలోని అన్ని రాష్ట్రాలకూ, ఐదేళ్లకూ కలిపి అంతే. పైగా కొన్నేళ్లుగా ఈ పథకం కింద ఆపరేషనల్ వాహనాలు కొనే వీలు ఈశాన్యంలోని తిరుగుబాటు ప్రభావిత రాష్ట్రాలకు, మావోయిస్టు ప్రభావిత జిల్లాలకే ఇచ్చారు. విజయవాడలోనో వరంగల్‌లోనో గస్తీ కారు కొనాలంటే రాష్ట్రమే జేబు తడుముకోవాలి. పాత ప్రభుత్వ వాహనాల్ని తుక్కు చేసే రాష్ట్రాలకు ప్రోత్సాహకం అని 2023-24లో రూ.3,000 కోట్లు పక్కన పెట్టారు. అంబులెన్సుల నుంచి ఆటోమేటిక్ టెస్టింగ్ కేంద్రాల దాకా అందులోనే.

ఇదంతా ఒక ఎత్తైతే.. అసలు బండే లేని స్టేషన్లు ఇంకో ఎత్తు. హోం శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో ఇచ్చిన నివేదిక చూస్తే, 2020 జనవరి 1 నాటికి దేశంలోని 16,833 పోలీస్ స్టేషన్లలో 257 స్టేషన్లకు వాహనమే లేదు. 638 స్టేషన్లకు టెలిఫోన్ లేదు. విచిత్రం ఏంటంటే ఏ స్టేషన్‌కి వెళ్లినా ఆవరణ నిండా బండ్లే కనిపిస్తాయి. కేసుల్లో పట్టుకున్న బైకులు, కార్లు, ఆటోలు తుప్పు పట్టి, తీగలు అల్లుకుని, టైర్లు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. అంత పార్కింగ్‌లో స్టేషన్ సొంత బండి మాత్రం ఒకటో రెండో.

కొత్త బండి ఎక్కేదెవరు?

బండ్లు తక్కువైనప్పుడు అవి ఎవరికి ముందు వెళ్తాయన్న ప్రశ్న వస్తుంది. దీనికి ముంబై మంచి ఉదాహరణ. మహిళల భద్రత కోసం ఇచ్చే నిర్భయ నిధి నుంచి దాదాపు రూ.30 కోట్లతో 2022 జూన్‌లో ముంబై పోలీసులు 220 బొలెరోలు, 35 ఎర్టిగాలు, వాటితో పాటు బైకులు కొన్నారు. స్టేషన్లకు పంచారు. నెల తిరగకుండానే మహారాష్ట్రలో ప్రభుత్వం మారింది. షిండే వర్గం ఎంపీలు, ఎమ్మెల్యేలకు వై-ప్లస్ భద్రత ఇచ్చారు. ఎస్కార్ట్‌కి బండ్లు కావాలి. స్టేషన్ల నుంచి 47 బొలెరోలు తీసుకెళ్లారు. ఆ ఏడాది డిసెంబర్‌లో పత్రికల్లో రచ్చ అయింది. కొన్ని వెనక్కి వచ్చాయి.

ఇది ముంబైలో పత్రికకు ఎక్కింది గనక తెలిసింది. తెలుగు రాష్ట్రాల్లోనూ వీఐపీ బండ్ల ముచ్చట తక్కువేం కాదు. 2023 డిసెంబర్‌లో సీఎం అయిన కొత్తలో రేవంత్ రెడ్డి.. గత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూజర్లు కొని విజయవాడలో ఉంచిందని, ఒక్కోటి బుల్లెట్‌ప్రూఫ్‌తో కలిపి రూ.3 కోట్లని చెప్పడం పెద్ద దుమారమే రేపింది. సీఎం భద్రతకు మంచి బండి ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కాన్వాయ్ బండి పాతబడిందని ఏ ప్రభుత్వమూ ఏళ్ల తరబడి ఫైలు నడపదు. మండల స్టేషన్ బండికి ఆ భాగ్యం లేదు.

డెట్రాయిట్.. బండ్లు ఆగిపోతే ఏమవుతుందో చూసిన నగరం

పోలీసు బండ్ల ముసలితనం మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో పోలీసు కారు అంటే ఏళ్ల తరబడి ఫోర్డ్ క్రౌన్ విక్టోరియానే. హాలీవుడ్ సినిమాల్లో ఛేజింగ్‌లో కనిపించే పెద్ద కారు అదే. 2011 సెప్టెంబర్‌లో ఫోర్డ్ దాని తయారీ ఆపేసింది. అంతకు ముందే 2008 ఆర్థిక మాంద్యం నగరాల ఖజానాలు ఊడ్చేసింది. కొత్త మోడల్ కొనే డబ్బు లేని చిన్న ఊళ్లు ఆ పాత కార్లనే అతుకులేసుకుంటూ ఏళ్ల తరబడి నడిపాయి.

అందరికంటే దారుణంగా దెబ్బతిన్నది డెట్రాయిట్. ప్రపంచానికి కార్లు తయారు చేసి ఇచ్చిన ఊరు అది. అలాంటి ఊరికి 2013 నాటికి సొంత పోలీసులకు కార్లు సమకూర్చే స్తోమత లేకుండా పోయింది. ఆ ఏడాది మార్చిలో కార్ల కంపెనీలు, వ్యాపారవేత్త రోజర్ పెన్స్కీ, ఇంకొందరు కలిసి 80 లక్షల డాలర్లు వేసుకుని 100 పోలీసు కార్లు, 23 అంబులెన్సులు నగరానికి సమకూర్చారు. అంటే చందాలతో పోలీసు బండ్లు! జూన్‌లో నగర అత్యవసర మేనేజర్ కెవిన్ ఓర్ రుణదాతల ముందు పెట్టిన నివేదికలో ఉన్న అంకెలు ఇంకా భయపెట్టాయి. పోలీసులు ఘటనా స్థలానికి చేరడానికి సగటున 58 నిమిషాలు. దేశ సగటు 11 నిమిషాలు. నగరంలోని 36 అంబులెన్సుల్లో ఒక్కో సమయంలో నడిచేవి 10 నుంచి 14. కొన్ని అంబులెన్సులు రెండున్నర లక్షల నుంచి మూడు లక్షల మైళ్లు తిరిగి తిరిగి మాటిమాటికీ ఆగిపోతున్నాయి. జూలై 18న నగరం దివాళా పిటిషన్ వేసింది.

ఆ 58 నిమిషాలకు పాత కార్లే కారణం అనలేం. సిబ్బంది తగ్గారు, వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలగడం లేదు, పనితీరూ గాడి తప్పింది. కానీ అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే. కార్లు మార్చే డబ్బును ఒక ఏడాది వాయిదా వేశారు, మరుసటి ఏడాది ఇంకోసారి వేశారు. అన్ని వాయిదాలూ కలిసి ఒకే రోజు వచ్చిపడ్డాయి. చివరికి అప్పులవాళ్లకు ఇచ్చిన ప్రతిపాదనలోనే పదేళ్లలో 125 కోట్ల డాలర్లు నగర సేవల మీద పెట్టాలని రాసుకోవాల్సి వచ్చింది. పోలీసు, ఫైర్ వాహనాలు మార్చడం అందులో భాగం.

మన రాష్ట్రాలకు డెట్రాయిట్ పరిస్థితి వచ్చిందని ఎవరూ అనరు, రాష్ట్రం దివాళా తీసే చట్టమే మన దగ్గర లేదు. కానీ దాతల నుంచి బండ్లు తీసుకోవడం మనకూ కొత్త కాదు. కంపెనీల సీఎస్సార్ నిధులతోనో, స్థానిక వ్యాపారుల సాయంతోనో స్టేషన్‌కి బండి వచ్చిందని, ఎస్పీ తాళాలు అందుకున్నారని వార్తలు జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే కావచ్చు. రేపు ఆ ఇచ్చినాయన మీదే ఫిర్యాదు వస్తే? ఆయన ఇచ్చిన బండిలోనే ఆయన ఇంటికి వెళ్లాలి మరి.

స్టీరింగ్ పట్టుకున్న మనిషి

ఆలస్యం వల్ల నష్టపోయేది ఫోన్ చేసిన మనిషే అనుకుంటాం. బండిలో కూర్చున్న వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు.

మన దేశంలో కార్లకు ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయింది కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, మిగతా వాటికి 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఇంకా తర్వాత. అంటే అంతకు ముందు కొన్న పోలీసు బండిలో ఇవి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అర్ధరాత్రి హైవే మీద ప్రమాదం జరిగిందని ఫోన్ వస్తుంది. వర్షం. గంటకు 100 దాటించి వెళ్తున్నారు. ముందు ఆగిన లారీ కనబడగానే బ్రేక్ తొక్కితే చక్రాలు లాక్ అయి బండి జారుతుంది. ఇసుక లారీని వెంబడించేటప్పుడూ అంతే, గంజాయి కారును ఆపడానికి వెళ్లేటప్పుడూ అంతే. అవతల పారిపోయేవాడి కారు గత ఏడాది మోడల్. వెనక పడేది పదేళ్ల బండి.

ఆ స్టీరింగ్ మీద ఉండేది చాలాసార్లు హోంగార్డు. తెలంగాణలో 2025 జనవరి నుంచి వాళ్లకు రోజుకు వెయ్యి రూపాయలు, అంతకు ముందు 921. రెగ్యులర్ ఉద్యోగం కాదు. పంక్చర్ పడితే, ఫ్యాన్ బెల్ట్ తెగితే అప్పటికప్పుడు ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. బిల్లు పెట్టుకుంటే వస్తుంది, కాకపోతే ఎప్పుడొస్తుందో తెలియదు. రోజు కూలీ మీద బతికే మనిషికి 600 రూపాయల బిల్లు కూడా చిన్నది కాదు. బండి కండిషన్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనే. లాగ్ బుక్‌లో రాసేదీ అతనే. బ్రేకులు పట్టడం లేదని అతను రాసినా బండిని ఆపే అధికారం మాత్రం అతనికి లేదు. ఆపితే ఇంకో బండి లేదు.

మరి 2029లో ఏముంది?

మళ్లీ నంబర్ ప్లేటు దగ్గరికి వద్దాం. ఒకేసారి కొన్న బండ్లు ఒకేసారి ముసలివైపోతాయి. 2014లో వచ్చిన ఇన్నోవాల్లో అప్పటికి ఎన్ని మిగిలి ఉంటాయో గానీ, మిగిలిన వాటికి 2029 ఆగస్టు నుంచి 15 ఏళ్లు నిండడం మొదలవుతుంది. రిపేరు చేయించి ఇంకో రెండేళ్లు లాగుదాం అనే వీలు ఇంతకు ముందు ఉండేది. ఇప్పుడు రిజిస్ట్రేషనే ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ లేని బండితో పోలీసులే రోడ్డెక్కితే, హెల్మెట్ లేదని బైకు ఆపే కానిస్టేబుల్ ఏం సమాధానం చెబుతాడు?

ధరలు చూద్దాం. 2014లో ఇన్నోవా పది, పన్నెండు లక్షల్లో మొదలయ్యేది. ఇప్పుడు ఇన్నోవా క్రిస్టా ఎక్స్-షోరూం ధరే 20 లక్షల దగ్గర ఉంది. లెక్క కోసం వెయ్యి బండ్లు ఒకేసారి మార్చాలనుకుంటే రూ.200 కోట్లు. అంత మొత్తం ఒక్క ఏడాది బడ్జెట్‌లో పోలీసు బండ్లకు పెట్టడం ఏ ఆర్థిక మంత్రికైనా గుండె దడే. అదే ఏటా పదో వంతు చొప్పున మార్చుకుంటూ వస్తే ఏడాదికి రూ.20 కోట్లు. పదేళ్లు దాటిన బండి ఏ స్టేషన్‌లోనూ ఉండదు. ఆర్టీసీని చూడండి. నష్టాల్లో ఉన్నా ఏటా ఎన్ని బస్సులు తీసేయాలి, ఎన్ని తేవాలి అని కిలోమీటర్ల లెక్కన ప్లాన్ వేసుకుంటుంది. బస్సు ఆగితే ఆదాయం ఆగుతుంది గనక ఆ లెక్క తప్పదు. పోలీసు బండి ఆగితే ఖజానాకు రూపాయి నష్టం కనిపించదు. ఏటా పదో వంతు మార్చడానికి జెండా ఊపే సభ కూడా ఉండదు. వంద బండ్లు వచ్చాయని ఎవరికీ తెలియకుండానే స్టేషన్లకు వెళ్లిపోతాయి.

అద్దె బండ్లు పెట్టుకుంటే పోదా అని ఆఫీసర్ల దగ్గర ఒక ఆలోచన ఎప్పుడూ ఉంటుంది. చాలా ప్రభుత్వ శాఖలు అలాగే నడుస్తున్నాయి. ఆఫీసుకు వెళ్లి రావడానికి, కోర్టు పనికి అది బాగానే పని చేస్తుంది. నిందితుణ్ని తీసుకెళ్లే బండికి, దొంగను వెంబడించే బండికి ప్రైవేటు డ్రైవర్‌ని పెట్టడం వేరే సంగతి. యాక్సిడెంట్ అయితే బాధ్యత ఎవరిది, బీమా వర్తిస్తుందా, నిందితుడు తప్పించుకుంటే డ్రైవర్ సాక్షా ముద్దాయా.. ఇవన్నీ తేలాకే ఆ మాట.

ఇంకో చిన్న లెక్క. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో. ఆంధ్రప్రదేశ్‌లో 2029 వేసవిలో. 15 ఏళ్లు నిండే టీఎస్ బండ్ల బిల్లు వచ్చేది అదే 2029 ఆగస్టులో, అప్పటికి ఎన్నికల హామీల బిల్లులు కూడా టేబుల్ మీదే ఉంటాయి. దానికి ముందు తెలంగాణ పెట్టబోయే రెండు మూడు బడ్జెట్లలో పోలీసు శాఖ కింద మోటారు వాహనాల కొనుగోలు అనే పద్దు పక్కన ఎంత రాస్తారో చూస్తే చాలు, ఆ రోజుకు సిద్ధమవుతున్నారా లేదా అన్నది తెలిసిపోతుంది. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర టీఎస్ ప్లేటు ఉన్న తెల్ల ఇన్నోవా పక్కన ఆగినప్పుడు ఇంజిన్ శబ్దం కాస్త వినండి.